ఘాట్ రోడ్డు మీద ఆగిపోయిన చుక్క

మొన్న మా కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థిని తాను చేసిన మొబైల్ యాప్ తెచ్చి చూపించింది. ఒక్కసారి రాస్తే అన్ని రకాల ఫోన్లలోనూ నడుస్తుందిట, మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రం బస్సు వేళకి ముగించేసిందిట. నేను ఆ ఫోను చేతిలోకి తీసుకుని, పేరు రాసే గడి మీద వేలు పెట్టి, కీబోర్డు పైకొచ్చి దాన్ని కప్పేస్తుందేమోనని చూశాను. కప్పలేదు. నేనేం వెతుకుతున్నానో ఆ పిల్లకి బోధపడలేదు గానీ, రెండువేల పది తరవాతి ఆ తొలి సంవత్సరాల్లో ఈ పనిలో తల దూర్చిన నా ఈడువాళ్లకి చెప్పనక్కరలేదు.

విజయనగరంలో ఎమ్సీయే చదివి నేను సాలూరు కోడలినయ్యాను. అత్తవారిది లారీల వ్యాపారం. కింద ఆఫీసు, పైన ఇల్లు, ఆ పైనే రోడ్డు వైపు టైర్లు దాచే గది. పెళ్లికి ముందే నాకు విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసు చూసుకునే మా బావగారు దానికి అడ్డు చెప్పలేదు. మన లారీలు ఎక్కడున్నాయో సరుకు వేసే షావుకార్లు ఫోన్లో చూసుకునేలా ఒక యాప్ చేసిపెట్టి వెళ్లమ్మా అని మాత్రం ఎంతో ఆప్యాయంగా అడిగారు. మా ఆయన కూడా, కొద్ది నెలల పనే కదా అన్నారు. టైర్లు ఒక మూలకి జరిపి నాకు బల్ల వేశారు. రోడ్డు దుమ్ము లోపలికి రాకుండా ఆ గది కిటికీ ఎప్పుడూ మూసే ఉంచేవారు.

షావుకార్ల దగ్గర ఒక రకం ఫోన్లు, వాళ్ల పిల్లల దగ్గర మరో రకం, డ్రైవర్ల దగ్గర మరీ చవకవి. ఒక్కో రకానికి ఒక్కో భాష నేర్చుకుని యాప్ రాయడం నా ఒక్కదాని వల్ల కాదు. నాకు వచ్చింది వెబ్‌సైట్లు చెయ్యడం. అందుకని వెబ్ పేజీలనే రాసి, వాటిని యాప్ అనే డబ్బాలో పెట్టి, అన్ని ఫోన్లలోకీ ఎక్కించే పద్ధతి పట్టుకున్నాను. ఒకసారి రాస్తే అంతటా నడుస్తుందని చెప్పేవారు. అంతటా నడిచేది, అంతటా ఒక్కో రకంగా కుంటేది. ఒక ఫోన్లో తెల్లటి తెర వచ్చి అలాగే నిలిచిపోయేది, ఇంకోదాంట్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా మారిపోయేవి, మరోదాంట్లో కీబోర్డు పైకొచ్చి రాసే గడినే కప్పేసేది. అది సర్దేలోపు ఫోన్లకి కొత్త అప్‌డేట్ వచ్చి, నిన్న బాగున్నది ఇవాళ పాడయ్యేది. పని అయిపోయిందని చెప్పగలిగే రోజు రానేలేదు. విశాఖ కంపెనీ వాళ్లు కొన్నాళ్లు చూసి ఫోన్ చెయ్యడం మానేశారు. ఆ ఇంట్లో నన్నెవరూ కసురుకోలేదు, కట్టెయ్యలేదు. వేళకి అత్తగారు కాఫీ పంపేవారు. అయినా టైర్ల వాసనలో, మూసిన కిటికీ పక్కన కూర్చుంటే నాకు ఊపిరాడేది కాదు, ఆ మాట చెప్పుకోవడానికి కారణమూ దొరికేది కాదు.

ఒక వానాకాలం ఒడిశా వైపు వెళ్లే ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడింది. మా దగ్గర అందరికంటే పాత డ్రైవరు, అందరూ మావ అని పిలిచే ఆయన, ఆ దారిలోనే ఉన్నాడు. ఫోన్ కలవలేదు. నా తెర మీద ఆయన లారీ చుక్క, ఆయన ఫోను ఆఖరుగా చెప్పిన ఒక మలుపు దగ్గర ఆగిపోయి ఉంది. మర్నాడు ఆయన భార్య మా ఇంటికొచ్చి, పై గదిలో నా పక్కన టైరు మీద కూర్చుని, ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయింది. అన్నం తినమంటే తినలేదు. చాలాసేపటికి మెల్లిగా అడిగింది.

"సుక్క మినుకుమంటన్నాది కదమ్మా. అంటే మడిసి ఉన్నట్టే కదా?"

ఆ మినుకు ఫోన్ నుంచి వచ్చేది కాదు. అందం కోసం నేను పేజీలో రాసిన నాలుగు ముక్కలు. లారీ ఉన్నా, లోయలో పడినా అది అలాగే మినుకుతుంది. అబద్ధం చెబితే ఆమె ఆ పూట ఒక ముద్ద తినేదేమో. చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు. నా ముఖం వంక కాసేపు చూసి, "అయితే అదాపీ తల్లీ, నాను సూళ్ళేను" అంది. ఆపేశాను. తరవాత ఇద్దరం కిటికీ తెరుచుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాం.

దారి తెరిచాక ఆయన లారీతో క్షేమంగా దిగాడు. కొండచరియకి అవతల ఒక ఊళ్లో తోటి డ్రైవరింట్లో తలదాచుకున్నాడట. చుక్క ఆగిన చోటికీ ఆ ఊరికీ బోలెడు దూరం. సిగ్నల్ పోయిందా మావా అని అడిగితే నవ్వాడు.

"సిగ్నల్ కాదు కోడలమ్మా, నానే ఆపీసినాను. టీ తాగినా, కునుకు తీసినా ఎవుడో బుజమ్మీంచి సూస్తన్నట్టుంటాది. ఇన్నేళ్ల బట్టి లారీ తోల్తన్నాను, ఆ కేబిన్లో నాను తప్ప ఇంకోడు నేడు. ఇప్పుడు ఊపిరాడతన్నాది కాదు."

నా గదిలో నాకు దొరకని మాటని ఆయన ఇంత తేలిగ్గా అనేశాడు. నన్ను మూసిన గదిలో కూర్చోబెట్టిన పనే ఆయన కేబిన్నీ అలాంటి గదిగా మార్చిందని నాకప్పుడు కనిపించింది.

బావగారికి మాత్రం వేరేగా కనిపించింది. ఆ సాయంత్రం ఆఫీసులోకి పిలిచి, డ్రైవరు ఆపినా తిరిగి దానంతటదే మొదలయ్యేలా యాప్‌ని మార్చమన్నారు. ఆయన భయమూ నిజమే, ఆయనా ఆ వానలో ఘాటీ కిందిదాకా వెళ్లి నిలబడి వచ్చిన మనిషే.

"అలాగ సెయ్యడం అవుద్దా అమ్మా?"

"అవుతుంది బావగారూ. నేను చెయ్యను."

ఆ ఇంట్లో నేను కాదన్న మొదటి మాట అది. పక్కనే ఉన్న మా ఆయన తల దించుకున్నారు గానీ, నా మాటకి ఎదురు చెప్పలేదు. బావగారు సరే వెళ్లమన్నారు. కోపగించుకోలేదు కూడా, విశాఖ నుంచి ఎవరినో పిలిపించి ఆ పని వాళ్లకి అప్పజెప్పారు. నేను రాసినదంతా పక్కన పడేసి వాళ్లు కొత్తగా చేశారు. మావ ఆ ఏడాదే పని మానేసి లారీ దిగిపోయాడు. నా బల్ల తీసేసిన చోట మళ్లీ టైర్లు పేర్చారు, నేను పొద్దున్నే విజయనగరం బస్సెక్కి ఈ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. గజపతినగరం దాటాక కిటికీలోంచి చల్లగాలి ముఖానికి తగిలిన ఆ మొదటి రోజు ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇప్పుడు లారీలకి, ఎక్కడున్నాయో చెప్పే యంత్రం కంపెనీలోనే బిగించి వస్తోంది, ఆపడమన్న మాటే లేదు. ఆ మధ్య బొబ్బిలిలో ఒక పెళ్లిలో మావ భార్య కలిసింది. కొడుకు లారీ తోలుతున్నాడట, ఎక్కడున్నాడో తన ఫోన్లోనే చూసుకుంటుందట. మంచిదే కదా అన్నాను. మంచిదేనమ్మా, కానీ తిన్నావేటిరా అని ఫోన్ సెయ్యడం మానీసినాను, ఆడూ సెయ్యడు అంది. ఆ మాట విన్నాక మా చిన్న చెల్లెలు గుర్తొచ్చింది. పై ఊళ్లో ఉద్యోగం, రోజూ ఏ వేళకి ఎక్కడుంటుందో నా ఫోన్ చెబుతుంది. క్షేమంగా చేరానక్కా అని ఆఖరిసారి తన గొంతు ఎప్పుడు విన్నానో ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు.