గాజు పలకల మీద రైస్ మిల్లు: ఎల్లారెడ్డిలో ఒక ఆదివారం

మా ప్రెస్‌లో నా పక్క సీటులో పనిచేసే స్వప్నది ఎల్లారెడ్డి. సెలవుకు ఇంటికి వెళ్ళొచ్చి మాటల్లో ఒక సంగతి చెప్పింది. వాళ్ళ వీధిలో ఫోటో స్టూడియో నడిపిన రాజన్న, తాత తీసిన గాజు నెగటివ్‌లను వేడినీళ్ళలో నానబెట్టి, గీకి, ఆ అద్దాలతో మనవరాలికి చేపల తొట్టె చేస్తున్నాడట. నేను పదేళ్ళుగా సికింద్రాబాద్‌లో ఫోటోలు సరిచేసే పనిలో ఉన్నాను. పాత నలుపు తెలుపు ఫోటోలంటే, అందులోనూ యంత్రాల ఫోటోలంటే నాకు పిచ్చి. వెంటనే ఆయనకు ఫోన్ చేసి ఆదివారం దాకా ఆగమని బతిమాలాను. "ఆగుత తియ్యి చెల్లె, చేపలు ఇంక కొనలే" అన్నాడు.

పొద్దున ఏడు దాటాక నిజామాబాద్ వైపు వెళ్ళే రైలెక్కితే పది లోపే కామారెడ్డిలో దిగాను. జనరల్ టికెట్టు వంద రూపాయల లోపే. స్టేషన్ నుంచి బస్టాండుకు షేర్ ఆటో ఇరవై. ఎక్కడికని ఆటో అన్న అడిగితే, ఎల్లారెడ్డిలో పాత ఫోటోలు చూడటానికని చెప్పాను. "ఫోటోలు చూసెతందుకు గంత దూరమా? అన్ని ఫోన్లనే వస్తయి గద" అని నవ్వాడు. తాడ్వాయి, లింగంపేట మీదుగా వెళ్ళే పల్లెవెలుగు దొరికింది. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు డబ్బుల్లేవు. గంటంపావు ప్రయాణం. రోడ్డు అంచున ఆరబోసిన మక్కల పక్కనుంచి బస్సు మెల్లగా పోతుంటే కిటికీ సీటు వదలబుద్ధి కాలేదు.

రాజన్నకు అరవై దాటి ఉంటాయి. స్టూడియో మూసేసి నాలుగేళ్ళయిందట. వెనక గదిలో ఒక చెక్కపెట్టె, దాని పక్కన బకెట్టు. "రెండు కడిగిన. ఇంక పదకొండు ఉన్నయి" అన్నాడు. కడిగిన రెండు అద్దాలూ గోడకు ఆనించి తళతళలాడుతున్నాయి. వాటి మీద ఏముండేదో ఆయనకూ గుర్తులేదు. నా మొహం చూసి మాట మార్చి, మిగిలినవాటిలో పైదాన్ని చేతికిచ్చాడు. "ఇది ఎట్లైనా ఖరాబైందే. మూలకు మసకున్నది. దీన్ని ముందు కడుగుదామనుకున్న."

కిటికీకి తెల్లటి గుడ్డ కట్టి, పలకను దాని ముందు నిలబెట్టి, ఫోన్‌లో నలుపును తెలుపుగా మార్చి చూశాను. కామారెడ్డిలో ఒకప్పటి రైస్ మిల్లు లోపలి దృశ్యమని రాజన్న చెప్పాడు. ఊకతో నడిచే ఆవిరి ఇంజను, దాని ముందు ఎనిమిదిమంది. బాయిలర్ మీది రివెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. నేల మీద రాలిన వడ్లగింజల నీడలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. మధ్యలో తలకు పెద్ద రుమాలు చుట్టుకుని, ఇంజను మీద చెయ్యి వేసిన మిల్లు యజమాని సేటు మొహం మాత్రం మిగతావాళ్ళకన్నా తెల్లగా ఉంది. నేను అదేమిటని అడిగితే రాజన్న పలకను ఏటవాలుగా పట్టుకుని చూపించాడు. సేటు బుగ్గల మీద సన్నని పెన్సిల్ గీతలు. "నెగటివ్ మీద పెన్సిల్ కొడితే ప్రింటుల తెల్లగొస్తది. మా తాత సేటును ఖుషీ చేసిండు" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

కుడి మూలలో మాత్రం ఒక మనిషి చెయ్యి ఉండాల్సిన చోట మసక మచ్చ. ఆఫీసులో అయితే రెండు నిమిషాల్లో చెరిపేసేదాన్ని. అదే మాట అంటే, రాజన్న ఆ మసక సంగతి తేల్చడానికని పక్కింటి సాయిలు బాపును పిలిచాడు. బాపు నలభై ఏళ్ళు మిల్లుల్లో ఫిట్టరుగా చేసినాయన. భూతద్దం పెట్టి ముందు ఇంజను చూశాడు, తర్వాత మనుషులను.

"ఇంజను నడుస్తున్నది బిడ్డా" అన్నాడు. "చక్రానికి ఆకులు కనవడ్తలేవు సూడు. బెల్టు గూడ గీతలెక్క ఉన్నది."

"మరి వీళ్ళంతా ఇంత స్పష్టంగా ఎలా ఉన్నారు బాపూ?"

"గప్పుడు ఫోటో దిగాలంటె జరసేపు కదలకుంట ఉండాలె. ఊపిరి బిగబట్టి నిలవడ్డరు. మూలకున్న ఈయనకు గట్ల కుదరది. చేతుల నూనె డబ్బా ఉన్నది. నడిచేటప్పుడు నూనె పొయ్యకుంటే బేరింగ్ పట్టేస్తది. ఇంజను డ్రైవర్ గీనే. సేటు ఉత్తగ చెయ్యి పెట్టిండు."

రాజన్న భూతద్దం తీసుకుని ఆ మూలను చూశాడు. నూనె డబ్బా ముక్కు నిజంగానే కనిపించింది. వెళ్ళి బకెట్టు నీళ్ళు పెరట్లో పారబోశాడు. "చేపల తొట్టెకు అద్దం కామారెడ్డిల కొంట" అన్నాడు, తిరిగొచ్చి.

బస్టాండు ఎదుటి మెస్‌లో జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎనభై రూపాయలు. వడ్డించే అవ్వ "ఇంకొకటెయ్యనా?" అని అడగకుండానే వేసింది. భోజనమయ్యాక తిరిగొచ్చి పదకొండు పలకలనూ ఒక్కొక్కటిగా ఫోటో తీసుకున్నాను. బయల్దేరబోతుంటే సాయిలు బాపు, "ఆ మిల్లు ఫోటో నాకొకటి పెద్దగ తీసియ్యి బిడ్డా. సేటును కోసెయ్యకు, ఉండని. కని ఆ డ్రైవర్ మసక మాత్రం తియ్యకు" అన్నాడు.

నాలుగు గంటల బస్సులో ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. నిశ్చలంగా నిలబడిన ఏడుగురూ ఫోటో కోసం నిలబడ్డారు. ఆ ఒక్కాయన పని మానలేదు, అందుకే మసకైపోయాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి చేతులు ఎన్నింటిని శుభ్రం చేసేశానో నాకే తెలియదు. ఇలాంటి పలకలు చూడటానికి వెళ్ళేవాళ్ళు ఒక భూతద్దం, ఒక తెల్లటి నూలుగుడ్డ వెంట తీసుకెళ్ళండి. గాజును అంచులతోనే పట్టుకోండి. వీలైతే ఫోటోలో కనిపించే పని చేసిన మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.