ఉమ్మడి గోడలో గూడు

ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట బజారులో ఏ ఇంటికీ పక్కగోడలు సొంతం కావు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక నుయ్యి. పొడుగాటి ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని బారుగా ఉండేవి. పక్కవాళ్లకూ మాకూ మధ్య మూరన్నర మందం గోడ ఒక్కటే, ఇరువైపుల దూలాలూ దాని మీదే. అందులో గూడు తొలుచుకుంటే ఎవరి వైపు నుంచి వాళ్లు జానెడు లోతు మించకూడదు (కాగితం మీద లేదు, అయినా అందరికీ తెలుసు). నైజాం సరిహద్దులో గొడవలు ముదిరి జనం మూటలతో బంధువుల ఇళ్లకు వచ్చేస్తుంటే, బజారంతా మేడగదులు లేవసాగాయి. పక్కింటి బాబాయి కూడా (చుట్టరికం లేదు, పిలుపే) కొట్టు అరుగు మీద తలదాచుకుంటున్న తన చెల్లెలి కుటుంబానికి వానలలోపు ఒక గది వేయాలని మొదలుపెట్టాడు.

అప్పటినుంచీ మా వంటింటి గోడలోంచి గీకుతున్న చప్పుడు. గోడ తొలిచి ఇల్లు వెడల్పు చేసుకుంటున్నాడనీ, రేపు మా కప్పు మా నెత్తినే పడుతుందనీ నాయనమ్మ తేల్చేసింది. తొమ్మిదేళ్ల నన్ను గోడకు ఇత్తడి గ్లాసు ఆనించి కాపలా పెట్టింది. పొద్దున ఇన్నిసార్లు, మధ్యాహ్నం ఇన్నిసార్లు అని నేను లెక్క అప్పజెప్పేదాన్ని (సగం కల్పించినవే, నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు అప్పటికి ఎవరూ లేరు). నాలుగో రోజు నాయనమ్మ వీధిలో నిలబడి తాపీమేస్త్రిని ఆపేసింది. ఆకాశం చూస్తే మబ్బుపట్టి ఉంది.

బాబాయి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లాడు. గోడ తొలిచిన జాడ లేదు. పాత సున్నం గీకి, తన గూడునే ఇటుకలతో పూడ్చుకుంటున్నాడు.

"మీ గూడు మా గూటిదాకా వచ్చేసింది పెద్దమ్మా. ఇలా ఉంటే పైగది బరువుకు గోడ ఆగదు. మీకు చెబితే నొచ్చుకుంటారని మాదే పూడ్చేస్తున్నాం," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మేస్త్రి మా ఇంటికొచ్చి గూట్లోంచి ఆవకాయ జాడీ దించాడు. దాని వెనక ఇంకో జాడీ. లోతు మూరకు నాలుగు వేళ్లు తక్కువ. బాబాయి వాళ్లు నందిగామ పెళ్లికి వెళ్లినప్పుడు, రెండో జాడీ కోసం నాయనమ్మే తొలిపించిందట. గోడను ఎలా తినెయ్యొచ్చో ఆవిడకు అంత బాగా ఎలా తెలుసో నాకప్పుడు అర్థమైంది.

సాయంత్రానికి మా గూడు జానెడయింది, పక్కింటి ఇటుకలు పైకెక్కాయి. నాయనమ్మ వెనక జాడీ నా చేతికిచ్చి పక్కింటి అరుగు మీదికి పంపింది. పిన్ని, అదే బాబాయి భార్య, అందుకుని నా చెవి పట్టుకుంది.

"ఇకనుంచి గోడ దగ్గర కాదే, తలుపు దగ్గరికి రా. ఏం చేస్తున్నామో చెబుతా."

ఇప్పుడు నేనూ తల్లినయ్యాను, కాలేజీ చదువూ చదివాను. పక్కవాటాలో సుత్తి మోగితే చాలు, బిడ్డను ఎత్తుకుని ముందు గోడ దగ్గరికే వెళుతున్నాను.