పైన మొలిచిన పన్ను

రెండువేల పన్నెండు ఎండకాలం. నా బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తున్నది. చిక్కడపల్లిల మా కిరాయి ఇంట్ల కూసొని రాగిజావ తాపుతుంటే చెంచ టక్కుమన్నది. సంబురంగ నోట్ల వేలు పెట్టి చూసిన. కింది చిగుళ్లు మెత్తగనే ఉన్నయి. పన్ను పైన మొలిచింది.

పై పన్ను ముందొస్తె మేనమామకు గండం అంటరు మా దిక్కు. పిల్ల మొఖాన్ని మామ ముందుగాల నూనెల నీడ లెక్క చూడాలె, గప్పుడే దోషం పోతది. నాకున్నది ఒక్కడే తమ్ముడు. అశోక్‌నగర్‌ల రూమ్ తీసుకొని మూడేండ్ల సంది సర్కారు నౌకరికి సదువుతున్నడు. పరీక్ష ఇంక పది దినాలే ఉన్నది. అమ్మకు తెలిస్తె వాణ్ణి పరేషాన్ చేసి పుస్తకం ముట్టనియ్యదు. అయినా డిగ్రీ సదివినదాన్ని, ఇసొంటివి నమ్ముతనా ఏంది? నోరు మూసుకున్న.

ఆదివారం తమ్ముడొచ్చిండు. ఎప్పటి లెక్కనే బిడ్డను ఎగరేసి పట్టుకున్నడు. అది కిలకిల నవ్వింది.

"అక్కా, నా కోడలికి పన్నొచ్చిందే!" అన్నడు.

పైనా కిందా అన్న సోయి వానికి లేదు. అన్నం తిని, పుస్తకాలు కొనేదున్నదని బండి మీద ఎల్లిపోయిండు. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగంగనే బస్సు తగిలింది. కుడి చెయ్యి, కాలు రెండూ ఇరిగినయి. ఇగ పరీక్ష యాడిది?

ఆ కబురు ఇని ఫోన్ పెట్టేసినంక నేను చేసిన పని చెప్పాల్నంటే ఇప్పటికీ సిగ్గయితది. నిద్రపోతున్న బిడ్డ నోట్ల బొటనవేలు పెట్టి ఆ పన్నును గట్టిగ నొక్కిన. మళ్ల లోపలికి పోవాలె అని. బిడ్డ కెవ్వుమన్నది. వేలికి నెత్తురంటింది. నేను నమ్మనిదాన్నట! థూ, నా సదువు.

దవాఖానల అమ్మ బిడ్డ నోరు తెరిచి చూసింది. "ఎన్నడొచ్చిందే?" అని అడిగింది.

"ఇయ్యాల్నే" అన్న.

నా మొఖం దిక్కు చూసింది. ఆనాటి సంది బిడ్డను ముట్టుకోలే. నాకు ఒళ్లు మండింది. ముసలామెకు భయం, పోనీ అనుకున్న. తమ్ముడున్నడు గదా, సదువుకున్నోడు, ఇని నవ్వుతడు. వాడు గూడ మొఖం తిప్పుకుంటె నా బిడ్డకు మామ లేనట్టే.

వారమైనంక అమ్మ లేని టైం చూసి బిడ్డను దవాఖానకు తీస్కపోయిన. మామను చూడంగనే అది రెండు చేతులు చాపి నా సంకల నుంచి దునికింది. తమ్ముడు గోడ దిక్కు తిరిగిండు.

"అక్కా, బిడ్డను జర బయట కూసోబెట్టు."

"నువ్వు గూడనారా?"

"అమ్మ చెప్పింది. కోపానికి రాకు అక్కా. నాకు భయమైతున్నది."

బయటికి తెచ్చి బల్ల మీద కూసున్న. తలుపు దిక్కు చేతులు చాపి బిడ్డ ఒకటే ఏడుపు. లోపలికి పోయి వాణ్ణి తిట్టాల్నని నోటిదాక వచ్చింది. ఏమని తిట్టాలె? అందరికంటె ముందు నమ్మింది నేనే గదా.