నిరోష కొలువుకు వచ్చిన ఎంక్వైరీ

కల్వకుర్తిల మా గల్లీ జంగమ్మ పత్తి ఏరవోతది. ఆమె ఒక్కగానొక్క బిడ్డ నిరోష బీటెక్కు, కంప్యూటర్లు చదివింది. పట్నంల కంపెనీ పని ఇడిసిపెట్టొచ్చి, సర్కారు కొలువే కొడతనని కూసున్నది. గల్లీల ఎవలి ఫోను మొరాయించినా ఆ పిల్లే బాగుచేస్తది. నేనడిగే సవాలక్ష ప్రశ్నలకు ఇసుక్కోకుండ జవాబు చెప్పేది కూడ అదొక్కతే.

మొన్న పరీక్ష పాసై, సర్కారు ఆఫీసుల కంప్యూటర్లు సూసుకునే కొలువుకు ఎంపికయింది! ఇగ పోలీసోళ్లు వచ్చి పిల్ల ఎసొంటిదో ఇరుగుపొరుగును అడిగి రాసుకపోతేనే ఆర్డరు చేతికొస్తదట. జంగమ్మకు ముద్ద దిగుతలేదు.

బుధవారం పొద్దుగాల బండి మీద ఒకాయన వచ్చిండు. ఖాకీ లేదు, గళ్ల అంగీ, నున్నగ దువ్విన క్రాపు. తల్లీబిడ్డలు ఇంట్ల లేరు. పక్కింటి అరుగు మీద చిక్కుడుకాయ తుంచుతున్న గోపమ్మను అడిగిండు, "నిరోష తెలుసా అమ్మా?"

సంబంధం సూడొచ్చిండు అనుకున్నది గోపమ్మ. మా దిక్కు సంబంధమోళ్లు అడిగితే పిల్ల వయసు జర తగ్గించి, చదువు జర కోసి చెప్పుడు ఆనవాయితీ. ఎక్కువ చదివిందంటే పిల్లగాని తల్లి బెదురుతది.

"తెల్వకేంది! ఇరవై నిండలే. ఇంటర్ దాకనే చదివింది. కంప్యూటరంటే ఎరుకలేదు, గడప దాటది!"

ఆయన కలం ఆగింది. "ఇంటరా? బీటెక్కని ఉన్నదే. అయితే ఆ నిరోష వేరే మనిషా? సరే, కేసులేమన్న ఉన్నయా?"

గోడవతల నిలవడి ఇంటున్న నేను చెవులు రిక్కించిన. సంబంధం సూసేటోడు వంటొస్తదా అని అడుగుతడు గాని కేసులు అడుగుతడా? కొంగు దోపి ఉరికిన.

"ఏ ఊరు బిడ్డా? ఎవలింటోనివి?"

"పోలీస్ స్టేషన్ నించి, అవ్వా. కొలువు ఎంక్వైరీ."

"ఓసి గోపమ్మా! పిల్ల కొలువు ముంచితివి గదనే!"

గోపమ్మ లేచి నిలవడ్డది. చిక్కుడుకాయలన్నీ నేల పాలు. "సారూ, నేను జెప్పినయన్నీ అబద్ధం! ఇరవై ఆరు నిండినయి! పెద్ద సదువు! పట్నంల ఒక్కతే ఉండొచ్చింది!"

"ఇప్పుడే గడప దాటది అంటివి?"

"పెండ్లికైతే దాటది సారూ, కొలువుకైతే దాటుతది!"

ఆయన నవ్వి నవ్వి బండికి ఆనుకున్నడు. ముందు రాసింది కొట్టేసి, నన్ను అడిగి మళ్ల రాసుకున్నడు. నేను చదివింది మూడో తరగతే గాని, సాక్షి సంతకం ఇంత పెద్దగ పెట్టిన.

ఆర్డరొచ్చింది! పోయిన సోమవారం నిరోష నాగర్‌కర్నూల్ బస్సెక్కుతుంటే గల్లీకి గల్లీ బస్టాండుకు పోయినం. జంగమ్మ ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. కండక్టరును కేకేసింది, "ఓ బిడ్డా, జర ఆఫీసు కాడ ఆపు! సర్కారు మనిషి ఎక్కింది!"