ఖలాస్ అన్నందుకు

మా వాలీబాల్ క్లబ్బు లెక్కలు నాలుగేళ్ళు రాసింది నేను. గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని మా లేబర్ క్యాంపు వెనక ఇసుక చదును చేసుకుని ఆడేవాళ్ళం. మనిషికి నెలకు ఇరవై దిర్హాములు. వలకు, బంతులకు, వేరే క్యాంపుకు మ్యాచ్‌కెళ్తే బస్సుకు. ఇవ్వనివాడి పేరు కింద ఎర్ర గీత గీసేవాణ్ణి. అందుకే కొందరికి నేనంటే పడేది కాదు.

కరోనాకు గేట్లు మూశారు, జీతాలు ఆగాయి. ఆట ఎలాగూ లేదు, క్లబ్బు డబ్బుతో మనవాళ్ళకు బియ్యం, పప్పు కొనమని కెప్టెన్ ఫోన్ చేశాడు. అతనుండే బ్లాకుకు మమ్మల్ని పోనిచ్చేవారు కాదు. క్యాంపు కిరాణాలో కొని, గార్డు చేత పంపించాను. సాయంత్రం మళ్ళీ ఫోన్.

"అన్నా, క్లబ్బు పైసల ముచ్చటేంది?"

"ఖలాస్" అన్నాను.

సైటులో పొద్దంతా అనే మాటే. వెల్డింగ్ అయితే ఖలాస్, సంతకమైతే ఖలాస్. చెప్పిన పని అయిపోయిందని నా ఉద్దేశం. అతను ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాడు. అతని గదిలోని పన్నెండు మందికీ డబ్బు అయిపోయిందని వినపడింది.

"గింత జల్ది ఎట్ల ఒడిశినయ్‌రా? ఇంటికి పంపిండేమో" అని వెనక ఎవడో నవ్వాడు. ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

గేట్లు తెరిచిన రోజే పుస్తకం, బిల్లులు, మిగిలిన మూడు వందల నలభై దిర్హాములు పట్టుకెళ్ళాను. మూడుసార్లు లెక్కపెట్టారు. సరిపోయింది.

"ఊకె అడిగినమన్నా, మనసుల పెట్టుకోకు" అన్నాడు కెప్టెన్. తప్పయిందని ఒక్కడూ అనలేదు. డబ్బు మాత్రం ఇంకొకరికి అప్పగించారు. నేను క్లబ్బు సొమ్ము తిన్నానని అప్పటికే ఊళ్ళో మా ఆవిడ చెవిన పడింది.

కొత్తాయన రాసేవాడు కాదు, గట్టిగా అడిగేవాడూ కాదు. చందాలు తగ్గాయి. వల చిరిగితే కొనడానికి డబ్బు లేదు. నిరుడు నలుగురు నా గదికొచ్చారు.

"మళ్ల లెక్కలు నువ్వే పట్టుకో కాకా. లేకుంటే క్లబ్బు నడువది."

"నేను తినలేదని ఆ దినం కెప్టెన్ గదిల ఉన్నోళ్ళు నా ముందట చెప్పాలె. అప్పుడు పట్టుకుంట."

నలుగురూ కొత్తవాళ్ళే. కెప్టెన్ ఎప్పుడో వీసా క్యాన్సిల్ చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పన్నెండు మందిలో క్యాంపులో మిగిలింది ఒక్కడే. వాణ్ణి పిలుచుకొచ్చారు.

"ఏ ముచ్చటనే?" అన్నాడు వాడు. నిజంగానే గుర్తులేదు.

నేను పట్టుకోనని చెప్పి పంపించేశాను. ఆ వల ఎవరూ మార్చలేదు. ఇప్పుడక్కడ కంపెనీ పైపులు పేర్చింది.