సామేలు ముఖమున్న కార్డు

కార్డు మీద ఫొటో పెట్టించమని సామేలుకు సలహా ఇచ్చింది నేనే. ఈ కథలో మొదటి తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

కోరుట్లలో నా ఎరువుల దుకాణాన్ని ఆనుకునే సామేలు మోటారు వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేయడం అతని పని. కథలాపూర్ దగ్గర ఒక కూలీల ఇంట్లో పుట్టాడు. పదమూడేళ్లు సిరిసిల్లలో రాజన్న అనే ఉస్తాద్ దగ్గర పనిచేశాడు. బాగుపడిన ప్రతి మోటారూ "రాజన్న చేసింది" అయ్యేది. చుట్టినవాడి పేరు ఎవరూ అడగలేదు. ఆ కడుపుమంటతోనే మూడేళ్ల కిందట బయటికొచ్చి సొంత దుకాణం పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"నేనెవలో ఊర్లల్ల ఎవలకు తెల్వదన్నా," అన్నాడొకరోజు నాతో. "రాజన్న దుకాన్ల పిలగాడంటరు. ముప్పయ్యారేండ్లచ్చినయి, ఇంకా పిలగాన్నే."

"మొకం తెల్వకుంటే మొకమే అచ్చేయించు," అన్నాను, పెద్ద తెలివైనవాడిలా.

జగిత్యాలలో ఒక ప్రెస్సులో ఐదొందల కార్డులు వేయించాం. పేరు కన్నా, పని కన్నా పెద్దగా మధ్యలో ఫొటో, దాని చుట్టూ గుండ్రటి అంచు, కింద రెండు పూలు. పెద్దమనిషిలా కనబడాలని సామేలు నవ్వకుండా బిగుసుకుని దిగాడు. నాకైతే బ్రహ్మాండంగా అనిపించింది.

కార్డులు చేతికొచ్చిన వారంలోనే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్. తను తిరిగి పంచే వీల్లేక సామేలు కట్టలన్నీ పాల వ్యాను నడిపే మొగిలయ్యకు ఇచ్చాడు. మొగిలయ్య నోట్లోంచి మాట రావడమే గగనం. మల్యాల, కథలాపూర్, సిరిసిల్ల, వ్యాను ఆగిన చోటల్లా కార్డు చేతిలో పెట్టడం, బండెక్కడం.

అసలే కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని రోజులు. పొలాల్లో మోటార్లు వరసబెట్టి కాలుతున్నాయి. వైండింగ్ వాళ్లకు అన్నం తినే తీరిక కూడా ఉండకూడదు. సామేలు దుకాణానికి మాత్రం పురుగు కూడా రాలేదు. ఫోన్లొస్తే అవి మరీ వింత.

"సామేలు ఇంటోళ్లేనా?" అని అడిగాడొకాయన.

"నేనే సామేలును. మోటరు కాలిందా?"

అవతల టక్కున పెట్టేశారు.

కార్డు తిప్పి తిప్పి చూశాను. నెంబరు సరిగ్గానే ఉంది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆ సాయంత్రం అతని భార్య మంజుల ఖాళీ సంచితో గాబరాగా వచ్చింది.

"సంతల ఎవలో ముసలామె నా చెయ్యి పట్టుకొని ధైర్నంగుండు బిడ్డా అన్నది. నీకేమన్న రోగమచ్చిందా? నాకు చెప్పకుంట దాస్తున్నవా?"

సామేలు నా వైపు చూశాడు, నేను అతని వైపు చూశాను.

మర్నాడు పొద్దున ఎవరిదో బండి వెనకాల కూర్చుని రాజన్న దిగాడు. డెబ్బై ఏళ్ల మనిషి, అక్షరం ముక్క రాదు. నా దుకాణం మెట్ల మీద ఎదుటి సమ్మె దీక్షా శిబిరం నుంచి వచ్చిన ముగ్గురు రైతులున్నారు. రాజన్న సామేలు దుకాణం షట్టరు పట్టుకుని భోరుమన్నాడు.

"ఇసొంటి పనోడు మళ్ల పుట్టడు! నా పేరు మీద తిరిగిన మోటర్లన్ని వాని చెయ్యి చుట్టినయే. నేను ఉట్టిగ గల్లపెట్టె కాడ కూసున్న. వాడు లేకుంటె రాజన్న ఎక్కడ, దుకాన్ ఎక్కడ!"

ఆపుదామని నేను రెండుసార్లు నోరు తెరిచాను. ఆయన జేబులోంచి కార్డు తీసి నా ముఖం ముందు ఆడించాడు.

"గీ దినాల కార్డు చూసి నాకు ముద్ద దిగుతలేదు!"

అప్పటికి వెలిగింది నాకు. మా వైపు మనిషి ముఖమున్న కార్డు ఇంటికొచ్చేది ఒక్కందుకే, ఆ మనిషి పోతే దినాలకు పిలవడానికి. పైగా ఆ రోజుల్లో పేపరు తెరిస్తే తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిల్లల ఫొటోలే. చావు కబురంటే నిజమా అని అడగడం కూడా మానేశాం. ముఖం చూసినవాళ్లు కింద రాసింది ఇంకెందుకు చదువుతారు? సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

లోపలి గదిలో మోటారుకు వార్నీషు పూస్తున్న సామేలు ఎప్పుడొచ్చాడో, గడపలో నిలబడి అంతా విన్నాడు. రాజన్న అతన్ని చూశాడు. ఒక్క అడుగు వెనక్కి వేసి, తర్వాత దగ్గరికొచ్చి వార్నీషు చేతులు పట్టుకుని తడిమి చూశాడు.

రైతుల్లో ఒకాయన నన్ను మెల్లగా గోకాడు. "అయితె మా బాయికాడి మోటరు గీయనకే తెద్దుమా?"

సామేలు ఆ మాట వినిపించుకోలేదు. ఆ మాట కోసమే ఇంత చేశాడు, తీరా వస్తే అటు చూడలేదు. సంతోషపడాలో కోప్పడాలో తెలియక అతని ముఖం అదోలా అయిపోయింది.

"నేనున్నప్పుడు గీ మాట ఒక్కపారన్న ఎందుకనకపోతివి ఉస్తాద్?"

రాజన్న కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"గా మాట అంటె పదమూడేండ్లు నా దగ్గెర ఉంటుంటివా రా? మూడో ఏడే పోతుంటివి."