పెరుగు గిన్నె పట్టుకుని వెంటపడిన కోడలు

నేను చెబుతుంటే రాస్తున్నారు గానీ, రాతలో నాకు సంతకం దాకానే వచ్చు. శకునాలు మాత్రం బాగా వచ్చు.

నా కోడలు కటక్ పిల్ల. మా వాడు ఆ ఊళ్లో ఉద్యోగం చేస్తూ చేసుకున్నాడు. వాడికి బెజవాడ బదిలీ అయ్యేసరికి పటమటలో మేడ మీద వాటా ఒకటి తీసుకుని, కొల్లేటి ఒడ్డున చేపల తట్టతో తిరిగే నన్ను కూడా తెచ్చి అందులో పెట్టాడు.

ఆ పిల్ల అక్కడ బళ్లో లెక్కలు చెప్పేది. తెలుగు పెళ్లయ్యాక నేర్చుకుంది. మర్యాద ఎక్కడ పెట్టాలో తెలియక అన్ని చోట్లా పెట్టేస్తుంది. కిటికీలోంచి వచ్చి పాలు తాగిపోయే పిల్లిని కూడా "పిల్లిగారూ, దయచేసి వెళ్లండి" అంటుంది. అంత మర్యాద చేస్తే అది మాత్రం ఎందుకు వెళ్తుంది?

అక్కడ బడి తెరిచేలోగా ఇక్కడ ఉద్యోగం దొరక్కపోతే వెనక్కి వచ్చేయమని వాళ్ల పాత బడివాళ్లు కబురు పెట్టారు. "ఒక్క ఏడాది అక్కడ చేసి వస్తాను అత్తయ్యగారూ" అంది. మా వాడు ఊఁ అన్నాడు. వాడు దేనికైనా ఊఁ అంటాడు. ఆ పిల్ల వెళ్లిపోతే ఆ వాటాలో మిగిలేది నేనూ, ఆ ఊఁ.

ఇక్కడి బళ్లల్లో ఉద్యోగం అడిగితే ముందు డెమో అంటారు. పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పిస్తారు, వెనక బెంచీలో పెద్దవాళ్లు కూర్చుని చూస్తారు. పెళ్లిచూపులే, కాకపోతే కాఫీ ఇవ్వరు.

మొదటి డెమోకి బయల్దేరే పొద్దున నేను స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాను. నాలాంటిది ఎదురొస్తే వెళ్లే పని చెడుతుంది. మా ఆయన పోయాక, పడవలు నీళ్లలోకి దించే వేళ నేను దడి చాటుకు వెళ్లిపోయేదాన్ని. ఒకరు చెప్పక్కర్లేదు, కాళ్లే వెనక్కి నడుస్తాయి.

ఆ పిల్లకు ఇదేమీ తెలియదు. వాళ్ల ఊళ్లో పరీక్షకు వెళ్లినా, పనికి వెళ్లినా, ఇంట్లో పెద్దావిడ తన చేత్తో పెరుగూ పంచదారా తినిపించాలట. అది తినకుండా గడప దాటరట. గిన్నె పట్టుకుని తలుపు ముందు నిలబడింది.

"అత్తయ్యగారూ, ఒక్క చెంచా."

"కడుపు బాగాలేదే, నువ్వెళ్లు."

"మీకు బాగయ్యేదాకా ఉంటాను."

ఆ పిల్ల ఉంది, నేనూ ఉన్నాను. బస్సు ఉండలేదు. ఆలస్యంగా వెళ్తే ఆ బడివాళ్లు గేటు దగ్గర్నుంచే పంపేశారు.

రెండోసారి ముందే డాబా ఎక్కి, పక్కింటావిడ వడియాలకు కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాను. గిన్నెతో అక్కడికీ వచ్చింది. నేను ఆరేసిన దుప్పటి వెనక నక్కితే దుప్పటి లాగింది. గిన్నె జారి పెరుగంతా వడియాల మీద పడింది. పక్కింటావిడ మెట్ల మీదకొచ్చి, "ఏమండీ, అవి పెరుగు వడియాలు కాదండీ, గుమ్మడి వడియాలు" అంది. ఆ డెమోలో ఈ పిల్ల తెలుగు చాల్లేదన్నారు.

ఆ సాయంత్రం అసలు సంగతి చెప్పాను. విని, "మరి మీ చేతి చేప రోజూ తింటున్నానుగా, నాకేమైంది?" అంది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో అడిగింది. లెక్కల టీచరుతో అదే చిక్కు.

మూడోది ఉయ్యూరులో. వేసవిలోనే పదో తరగతి పిల్లలకు క్లాసులు పెట్టే బడి. ఈసారి నా చెయ్యి పట్టుకుని బందరు బస్సెక్కించి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఒళ్లో స్టీలు బాక్సు, అందులో పెరుగు. దారంతా తినిపించమంటుంది, దారంతా నేను కిటికీలోంచి చెరుకు చేలు చూస్తున్నాను.

బడి ఆఫీసులో ఉన్నావిడ, "సారు బయటకు వెళ్తున్నారమ్మా, డెమో ఆయనే చూడాలి. వచ్చే వారం రండి" అంది. వచ్చే వారానికి కటక్‌లో బడి తెరుస్తారు. ఇద్దరం గేటు దగ్గరకొచ్చి నిలబడ్డాం. పిల్ల మొహం చూడలేక, సరే తినిపించి చద్దాం అనుకుని చెంచా తీసి ఇటు తిరిగాను. సరిగ్గా అప్పుడే స్కూటరు మీద ఒక పెద్దాయన బయటకొస్తూ నాకు ఎదురుపడ్డారు.

ఆయన నా బోసి నొసలు చూశారు. స్కూటరు ఆపారు. స్టాండు వేశారు. చెప్పులు విడిచి, వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, "కాసిని మంచినీళ్లు తే" అన్నారు. నాలాంటిది ఎదురొస్తే చేయాల్సిన పనే అది. ఆయన తప్పేం లేదు. నేను గోడవైపు తిరిగిపోయాను.

మా కోడలికి అర్థమైంది వేరు. ఎండదెబ్బ అనుకుంది. నేను వద్దనేలోగా నా చేతిలో చెంచా లాక్కుని వెళ్లి, "నోరు తెరవండి తాతగారూ, పెరుగు చలవ చేస్తుంది" అని ఆయన నోట్లో పెట్టేసింది. ఆయన మింగేశారు. వాచ్‌మన్ నీళ్లు తెచ్చి, "సార్, ఈవిడ డెమోకొచ్చారండి" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆయన మీసం తుడుచుకున్నారు. "ఎటూ ఆగాను కదా, పదమ్మా, చూస్తాను" అన్నారు.

నేను వరండాలో నిలబడి విన్నాను. "చివరి బెంచీ బాబుగారూ, ఈ లెక్క మీరు చెప్పండి" అంటోంది లోపల. పిల్లలు మొదట నవ్వారు. తర్వాత గారు అనిపించుకున్నాక అల్లరి చేయడం వాళ్లకే నామోషీ అయినట్టుంది, గది సద్దుమణిగింది. ఆయన బయటకొచ్చి, "సోమవారం నుంచి రమ్మనండి పెద్దమ్మా" అని, స్కూటరు ఎక్కబోతూ ఆగి, "ఇంకెక్కడా ఎదురు రారుగా?" అన్నారు.

"రానండి. మేం బస్సులో పోతాం" అన్నాను.

సోమవారం పొద్దున మా గడప ముందు నిలబడి నా చేత్తోనే తినిపించాను. సగం దాని చీర మీద పడింది. దులుపుకుని వెళ్లింది. కింద వాటా ఆయన మోటారుసైకిల్ బయటకు తీస్తూ తలెత్తి, మెట్ల మీద నన్ను చూసి, ఇంజను ఆపేసి లోపలికి నడిచాడు.

"మంచినీళ్లెందుకులే బాబూ, పెరుగు మిగిలింది, తెమ్మంటావా?" అన్నాను.